తడి ఇసుక

ఇసుకలో పోత పోసి చిన్న నగలు చేయడం నేర్చుకుంటామని ఈమధ్య కొందరు కుర్రవాళ్ళు, అమ్మాయిలు నా దగ్గరికి వస్తున్నారు. నాకు కొలిమి ముందు కూర్చునే ఓపిక లేదు. నోటితో చెబుతాను, వాళ్ళు చేతులతో చేస్తారు. మొదటి రోజు అందరికీ ఒకటే పాఠం. ఇసుకను పిడికిట్లో గట్టిగా పట్టి వదలండి. ముద్ద నిలబడాలి. విరిస్తే శుభ్రంగా రెండు ముక్కలవాలి. అరచేతికి చెమ్మ అంటిందా, ఆ ఇసుక జోలికి పోకండి. ఎండబెట్టండి, రేపు రండి.

మొన్న ఒక అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది: "మీ దగ్గర పని నేర్చుకుంటూ ఎవరికైనా దెబ్బ తగిలిందా సార్?"

తగిలింది అన్నాను. ఆమెకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాది హిందూపురం పక్కన సేద్యం చేసుకునే ఇల్లు. బావి ఎండిపోయిన ఏడు నేను బెంగళూరు పోయి ఒక పోతల షెడ్డులో కూలికి చేరాను. పందొమ్మిదివందల యాభైలలో సగం కాలం అక్కడే గడిచింది. తలుపు గడియలు, కుళాయి పిడులు, తాళాల పైరేకులు పోసేవాళ్ళం. ఇత్తడి గుణం నాకు బాగా తెలుసు. నగ గుణం తెలియదు. అయినా పెనుకొండలో ఒక సంఘం వారు గిల్టు నగల శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు నన్నే శిక్షకుడిగా తీసుకున్నారు. నగల పని తెలిసినవాళ్ళెవరూ గిల్టు నేర్పడానికి రాలేదు మరి. ఆ సంగతి నాకు తెలుసు. ఎదుటివాళ్ళకు తెలియకుండా ఉంటే చాలని నా తాపత్రయం.

మొదటి రెండేళ్ళూ సుఖంగానే గడిచాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వానలు లేక పనులు లేని వాళ్ళు వచ్చేవారు. వాళ్ళకు ఇసుక జల్లించడం నుంచి నేర్పాలి. రెండు చెక్క చట్రాల మధ్య ఇసుక కూరి, మెట్టెదో దిద్దుదో నమూనా అందులో ఒత్తి తీసి, కరిగిన లోహం పోవడానికి దారి చెక్కి, ఆవిరి బయటికి రావడానికి సూదితో సన్నని బెజ్జాలు పొడిచి, చట్రాలు మూసి పోత పోయాలి. మొదటి మెట్టె బయటికి వచ్చినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. వాళ్ళ కళ్ళకు నేను పెద్ద మేస్త్రీని. నా కళ్ళకు కూడా.

అరవైల మొదట్లో చట్టం వచ్చింది. పద్నాలుగు క్యారట్లకు మించి బంగారు నగ చేయకూడదన్నారు. ఆ నాసి బంగారంతో తాళిబొట్టు చేయించుకునేవాళ్ళు ఎవరు? ఊరూరా కంసాలుల కుంపట్లు చల్లారిపోయాయి. వాళ్ళలో కొందరికి వేరే పని నేర్పించమని మా సంఘం పెద్దలు చెప్పారు. అట్లా ఆ ఏడాది నా ముందుకు వచ్చిన ఎనిమిదిమందీ నగల పనిలో పుట్టి పెరిగినవాళ్ళే.

అందరిలోకీ పెద్దవాడు ధర్మవరం ఆచారి. అప్పటికే అరవై దగ్గర పడ్డాడు. ఉదయం పాసింజరులో ధర్మవరం నుంచి ఆయన వచ్చేవాడు, అటువైపు బండిలో హిందూపురం నుంచి నేను వచ్చేవాణ్ణి. స్టేషను నుంచి ఊళ్ళోకి ఆయన నడిచేవాడు, నేను జట్కా ఎక్కేవాణ్ణి. ఎక్కమని ఒక్కనాడూ పిలవలేదు.

మొదటి రోజు నా పాఠం చెప్పాను. ఇసుక, పిడికిలి, ముద్ద. ఆచారి ఒక చిటికెడు ఇసుక తీసి వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కనున్న బత్తలపల్లి మనిషితో మెల్లగా అన్నాడు: "పెన్నేటి ఇసుక. బంక మన్ను రోంత తక్కువైంది."

నిజమే. తక్కువైంది. నాకు మొహం మాడిపోయింది.

"ఆచారీ, ఈడ పాఠం చెప్పేది నేను," అన్నాను. నా వయసు ఆయన కొడుకు వయసు. ఏకవచనంతోనే పిలిచాను.

"తప్పే సార్," అన్నాడాయన. ఆ "సార్"లో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని రోజంతా వెతుక్కున్నాను. లేదు.

తర్వాత రెండు నెలల్లో ఆయన పనిలో తప్పు పట్టడం నాకు ఒక అలవాటైపోయింది. మామిడి పిందె దిద్దులని ఒక నమూనా తనే సీసంలో చెక్కుకుని తెచ్చాడు. దానితో పోసిన దిద్దును ఆకురాయి పెట్టకుండానే చెవికి పెట్టుకోవచ్చు. అంత నున్నగా వచ్చింది. నేను దాన్ని తిప్పి తిప్పి చూసి, "అంచు సరిగ్గా తేలలేదు, మళ్ళీ పొయ్యి," అన్నాను. తేలింది. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ పోశాడు.

బత్తలపల్లి మనిషి నోరు ఊరుకునేది కాదు. "ఏమప్పా, నీకన్నా తెలిసినోడా ఆయన? బంగారంలో వెంట్రుకంత తీగ లాగినోనివి, ఇత్తడికి ఇన్నిసార్లు మొట్టికాయలు తింటాండావే," అని నాకు వినపడేట్టే అనేవాడు.

"గురువు అని కూచున్నాక చెప్పినట్టు చేయాల్సిందే," అనేవాడు ఆచారి. "మా నాయన నాకు పని నేర్పించేటప్పుడు ఇంతకన్నా ఎక్కువే కొట్టినాడు."

ఆ రెండు నెలల్లో నేను ఆయనకు కొత్తగా నేర్పిందంటూ ఏమైనా ఉంటే అది ఒక్కటే: నేను చెబుతుంటే నోరు మూసుకుని ఉండడం. పాఠం బాగా ఒంటబట్టింది. దాని ఫలితమే తర్వాతి కథ.

సంఘం పెద్దలు ముగ్గురు కేంద్రం చూడ్డానికి వస్తున్నారని కబురు వచ్చింది. మధ్యాహ్నం బండికి తిరిగి పోతారు, ఆలోపల ఒక పోత చూపించాలి. ఆ ముందురాత్రి వాన పడింది. మా సీమలో వాన పడితే జనం దండం పెట్టుకుంటారు. నేను ఉదయం షెడ్డు తలుపు తీసి, పెంకుల సందులోంచి కారిన నీళ్ళు ఇసుక గుట్టలోకి దిగడం చూసి తల పట్టుకున్నాను.

ఏం చేయాలో నాకు తెలుసు. రోజూ నేను చెప్పే పాఠమే. ఎండబెట్టి రేపు పోయాలి. కానీ ఇసుక తడిసింది, రేపు రండని పెద్దలతో చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. పొడి ఇసుక రెండు గంపలు తెచ్చి గుట్ట మీద పోసి కలిపేశాను. పైన పట్టి చూస్తే బాగానే ఉంది. లోపల పట్టి చూడలేదు. చూడలేదంటే, చూడదలచుకోలేదు. అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు. ఆ పని చేసింది నేనొక్కణ్ణే, చూసింది నేనొక్కణ్ణే.

పెద్దలు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మా మేనేజరు వాళ్ళ పక్కన నిలబడ్డాడు. పోత ఎవరిచేత పోయించాలి? రెండు నెలలుగా ఎవరి పనిని తక్కువ చేస్తూ వచ్చానో ఆయన చేతనే. ఆ పని నా ఖాతాలో పడుతుందని నా ఆశ. "ఇతను నా దగ్గరే నేర్చుకున్నాడు," అని పెద్దలకు చెప్పాను కూడా.

ఆచారి చట్రంలో ఇసుక కూరడం మొదలుపెట్టి ఆగాడు. అడుగునుంచి తీసిన గుప్పెడు ఇసుకను అరచేతిలో నొక్కి, చెయ్యి తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"సార్, ఇసుక ముద్దముద్దగా ఉండాది. అడుగున తడి. రోంతసేపు ఎండలో పెడదామా?"

పెద్దల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. "ఏమంటాండాడు?" అని అడిగాడు.

"ఏం లేదండీ," అన్నాను. ఆచారి వైపు తిరిగి, "చెప్పినట్టు చెయ్యి ఆచారీ. ఇసుక సంగతి నాకు తెలుసు," అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తిరిగి వెళ్ళి చట్రాలు మూశాడు. బెజ్జాలు మామూలుకంటే ఎక్కువ పొడిచాడు. తనకు చేతనైనంత జాగ్రత్త అది. ఇత్తడి కరిగిన మట్టి మూసను పటకారుతో ఎత్తాడు. చిన్న నగకు పోత దారి కూడా చిన్నదే, వంగి, మొహం దగ్గరగా పెట్టి చూస్తూ పోయాలి. ఆయన వంగాడు.

చప్పుడు పెద్దదేమీ కాదు. తడి కట్టె పొయ్యిలో చిటిలినట్టు. తడి ఇసుకలో పుట్టిన ఆవిరి లోపల దారి లేక, కరిగిన ఇత్తడిని వచ్చిన దారినే వెనక్కి తన్నింది. ఆచారి మూసను కింద పడేయలేదు. మెల్లగా నేలమీద పెట్టాడు. ఎదురుగా తోటివాళ్ళు ఏడుగురు కూర్చున్నారు కదా, వాళ్ళమీద పడుతుందని. ఆ తర్వాతే రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు.

"నీళ్ళు," అన్నాడు.

జట్కాలో పెనుకొండ ఆసుపత్రికి, అక్కడినుంచి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఎడమ కన్ను అప్పుడే పోయింది. కుడి కన్ను మిగులుతుందో లేదో చెప్పలేమన్నారు.

మర్నాడు మేనేజరు నన్ను పిలిచి కాగితాలు ముందు పెట్టాడు. చెడ్డవాడు కాదాయన. నలుగురు పిల్లల తండ్రి, ఎప్పుడూ అలసిపోయినట్టు ఉండేవాడు.

"రిపోర్టు నువ్వే రాయాల. నేను ఆ పక్క నిలబడి ఉన్న్యా, నాకేం తెలీదు," అన్నాడు. కాగితాలు నా వైపు జరిపి, "శిక్షకుడి తప్పని పైకి పోతే ఈ కేంద్రం మూసేస్తారు. మిగిలిన ఏడుగురూ మళ్ళీ రోడ్డుమీద పడతారు. ఆలోచించుకో," అన్నాడు.

ఆ మాట నాకు ఎంతో సాయం చేసింది. ఏడుగురి తిండికోసం రాస్తున్నానని నన్ను నేను నమ్మించుకోగలిగాను. "శిక్షకుడు వారించినా వినకుండా, ఇసుకలో తడి ఉన్న సంగతి గుర్తించక, శిక్షణార్థి అజాగ్రత్తగా పోత పోసినందున ప్రమాదం జరిగింది." ఈ వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. దాని కింద శిక్షణార్థి సంతకం కూడా కావాలన్నారు.

అనంతపురం పోయాను. ఆచారికి రెండు కళ్ళకూ కట్లు. పక్కన పెద్ద కూతురు ఉండేది. చదువుకున్న మనిషి, పెళ్ళయి ధర్మవరంలోనే కాపురం. నేను వెళ్ళేసరికి ఆమె మందులకని బయటికి పోయింది. ఆమె ఉండి ఉంటే కాగితం చేతికి అడిగేది. లేదు కాబట్టి ఈ కథ ఇట్లా నడిచింది.

"ఏం రాసినారు సార్?" అని అడిగాడు ఆచారి.

చదివాను. కాగితంమీద ఉన్నది కాదు. "పోత పోస్తుండగా అనుకోకుండా ప్రమాదం జరిగింది. ఇందులో ఎవరి తప్పూ లేదు." అక్షరాలు లేనిచోట చూస్తూ, తడబడకుండా చదివాను.

"సరేలే. అట్లే కానీ. నీకూ ఇల్లూ వాకిలీ ఉండాయి," అన్నాడు. మొదటిసారి నన్ను "నువ్వు" అన్నాడు. చెయ్యి చాచాడు. ఆ చేతిలో కలం పెట్టి, వేళ్ళు పట్టుకుని సంతకం చోటికి నేనే జరిపాను. ఆ వేళ్ళు నా వేళ్ళలో ఎంత తేలికగా ఉన్నాయో చెప్పలేను.

అందరూ అనుకున్నంత కాలం కేంద్రం నడవలేదు. గిల్టు కొనేవాళ్ళు లేక రెండేళ్ళకు మూతపడింది. ఏడుగురి తిండికి నా అబద్ధం చేసిన మేలు ఆ రెండేళ్ళే. నేను హిందూపురంలో ఒక పాత్రల అంగడి వెనక షెడ్డులో పనికి కుదిరాను. ఆచారికి కుడి కన్ను కొంచెం మిగిలిందని విన్నాను. చూడడానికి పోలేదు.

తర్వాత బంగారం చట్టం సడలింది. ఒకరోజు హిందూపురం సంతలో బత్తలపల్లి మనిషి ఎదురుపడ్డాడు. మొహం కళకళలాడుతోంది.

"అందరం మళ్ళా కుంపట్లు పెట్టుకున్న్యాం సార్. మన బ్యాచీలో ఏడుగురూ," అన్నాడు. తనే చెప్పాడు: "ఆచారి ఒక్కడే పెట్టుకోలేదు. ఏమన్నా సాయం ఇప్పించమని సంఘానికి అర్జీ పెట్టుకున్న్యాడంట. నీ తప్పుతోనే జరిగింది, ఏమీ రాదని జవాబొచ్చిందంట. అదేంది సార్? తడి ఉండాదని నీతో చెప్పింది నేను చూస్తి గదా?"

నేను జనంలో కలిసిపోయాను. వారం తర్వాత ధర్మవరం బండెక్కాను.

చిన్న ఇల్లు. లోపల ఆచారి గోడకు ఆనుకుని కూర్చుని, చీరలు నేసేవాళ్ళ కోసం పట్టు నూలు కండెలకు చుడుతున్నాడు. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, రెండో చేతి వేళ్ళ మధ్య దారం పోనిస్తున్నాడు. కన్నుతో పనిలేని పని. కూతురు వచ్చి నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

"నాయనా, పెనుకొండ సార్ వచ్చినాడు."

రాట్నం ఆగింది. నేను గడపలోనే నిలబడి, దారిలో వరస పెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, "ఆ రోజు ఆసుపత్రిలో నేను చదివింది కాగితంలో లేదు," అన్నాను.

"తెలుసు," అంది కూతురు. "అర్జీకి జవాబుతోపాటు నకలు పంపినారు. నేనే చదివినా. నువ్వు చదివింది ఒకటి, ఆడ రాసింది ఒకటి."

"మరి ఎవరితోనూ చెప్పలేదే?" అన్నాను. ఇంతకన్నా సిగ్గుమాలిన ప్రశ్న ఉండదేమో.

ఆచారి గొంతు సవరించుకున్నాడు. "ఎవరికని చెప్పేది? కింద ఉండేది నా చేవ్రాలే గదా. కన్ను పోయినందుకు నాకు నీమీద కోపం లేదప్పా. నిప్పుతో పని చేసేటోనికి ఒకనాడు కాకపోతే ఒకనాడు కాలుతుంది. మా నాయనకి రెండు వేళ్ళు లేవు. కానీ నేను తడి ఇసుక గుర్తుపట్టలేదని రాస్తివే. పదేండ్ల పిల్లోనప్పటి నుంచి కుంపటి ముందర కూచున్నోణ్ణి. ఇసుకలో తడి తెలీనోడా నేను? ఆ కాగితం యాడుందో ఆడ, నేను చచ్చినంక కూడా, చేతగానోణ్ణే."

నేను క్షమించమన్నాను.

"నిజం రాయి," అన్నాడు. "ఇప్పుడైనా రాయి."

రాశాను. సంఘానికి జాబు రాయడానికి ఒక పూట పట్టింది, టపాలో వేయడానికి మూడు వారాలు పట్టింది. వాన నీళ్ళు, రెండు గంపల పొడి ఇసుక, ఆచారి హెచ్చరిక, నేనన్న మాట, ఆసుపత్రిలో చదివిన దొంగ చదువు, అన్నీ రాశాను. ఆ సంఘానికి వేరే ఊళ్ళో ఇంకో కేంద్రం ఉండేది, అందులో నన్ను తీసుకుంటారన్న మాట నడుస్తుండేది. ఆ జాబుతో అది పోయింది. దాన్ని త్యాగం అనుకోకండి. పోవలసిందే పోయింది, అదీ ఆలస్యంగా.

చాలా రోజులకు జవాబు వచ్చింది. అది పట్టుకుని మళ్ళీ ధర్మవరం పోయాను. ఆచారి అదే గోడకు ఆనుకుని ఉన్నాడు. చదవమన్నాడు. చదివాను: కేంద్రం మూతపడినందున పాత రికార్డులు మార్చడం వీలుకాదు, మీ జాబును మాత్రం దఖలు పరచుకున్నాము.

కూతురు వచ్చి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పోయి, మొదటినుంచి చివరిదాకా మళ్ళీ పైకి చదివింది. తండ్రి తల వంచి విన్నాడు.

"అదే ఉండాది నాయనా," అంది ఆమె.

నేను తల ఎత్తలేకపోయాను. నామీద వాళ్ళకు నమ్మకం లేదని నాకు తెలియని విషయం కాదు. అది కళ్ళముందు జరగడం వేరు.

"నువ్వు రాసిన జాబు నకలుండాదా?" అని అడిగాడు ఆచారి. ఉంది. దాన్ని నేను చదవబోలేదు, నేరుగా కూతురికి ఇచ్చాను. నాలుగు పేజీలు. ఆమె నింపాదిగా చదువుతూ పోయింది. ఒకచోట ఆచారి చెయ్యెత్తి ఆపాడు.

"అది మళ్ళా చదువు."

"ఇసుక అడుగున తడిగా ఉందని ఆచారి నాతో ముందే చెప్పారు. ఎండబెడదామన్నారు. నేనే వినలేదు."

"ఊఁ," అన్నాడు. "ఇంకోసారి."

ఆమె ఇంకోసారి చదివింది. ఆయన మొహంలో సంతోషం కనబడుతుందేమోనని ఆశగా చూశాను. ఏమీ కనబడలేదు. ఆయన చెయ్యి తడుముకుంటూ పోయి దారం కొస అందుకుంది. రాట్నం మళ్ళీ తిరగసాగింది. కూతురు మిగిలిన పేజీలు చదివి, మడిచి, తన దగ్గరే పెట్టుకుంది.

ఇక నేనక్కడ చేయగలిగింది లేదు. లేచి నిలబడ్డాను. "పోయొస్తాను," అన్నాను. పోయిరా అని ఆయన అంటాడని కొంచెంసేపు ఆగాను కూడా.

"తలుపు దగ్గరికెయ్యి సార్," అన్నాడు ఆచారి. "దుమ్ము వచ్చి పట్టుమీద పడతాది."